ఎత్తకూడని రింగు

శనివారం పొద్దు వాలేసరికి పేటలో ఆడవాళ్ళ పనులన్నీ గుమ్మాల దగ్గరికి వచ్చేస్తాయి. ఒకామె బియ్యం ఏరుతుంది. ఒకామె ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడుస్తుంది. ఇంకొకామె కూతురికి వేసిన జడ విప్పి మళ్ళీ వేస్తుంది. అందరి ఫోన్లూ చేతికందే దూరంలోనే ఉంటాయి. అందరూ ఎదురుచూసేది రిబ్కా చేతిలో ఉన్న ఫోను కోసమే. అయినా ఆమె వైపు ఎవరూ చూడరు. చూస్తే అడిగినట్టవుతుంది.

రిబ్కా తన ఇంటి అరుగు మీద కూర్చుని రింగులు ఇస్తోంది. ఆ ఫోను ఆమెది కాదు, షెడ్డుది. తిరువూరు దాటాక విస్సన్నపేట రోడ్డులో అంకారావు గారి మామిడికాయల షెడ్డు ఉంది. రేపు ఎవరు పనికి రావాలో ముందురోజు సాయంత్రం ఆ ఫోను నుంచి రింగు వెళ్తుంది. రెండుసార్లు మోగి ఆగిపోతుంది. మోగినవాళ్ళు రావాలి, మోగనివాళ్ళు రాకూడదు. ఎత్తి మాట్లాడటం మాత్రం పెద్ద నేరం. ఎత్తినవాళ్ళకి ఆ వారమంతా మళ్ళీ రింగు ఉండదు. ఫోను మాట్లాడితే డబ్బులు కరిగిపోయే రోజుల్లో పుట్టిన పొదుపు కాదిది. మాటలు ఇప్పుడు ఊరికే వస్తున్నాయి. అంకారావు గారి కొడుకు అఖిల్ షెడ్డు చూసుకోవడం మొదలుపెట్టాక తెచ్చిన పద్ధతి. మాట్లాడితే మాట ఇచ్చినట్టు, మెసేజ్ పెడితే రాసి ఇచ్చినట్టు. రింగు ఇస్తే ఎవరూ ఎవరికీ ఏమీ ఇచ్చినట్టు కాదు.

"సరుకొచ్చిన రోజు మనుషులు కావాలి ఆంటీ, రాని రోజు వద్దు. బిజినెస్ అంటే ఫ్లెక్సిబుల్‌గా ఉండాలి," అని అఖిల్ ఆమెకి చాలాసార్లు చెప్పాడు. మర్యాదగల కుర్రాడు. ఎప్పుడూ గొంతు పెంచడు. ఆ ఇంగ్లీషు మాట రిబ్కాకి మొదట్లో ఏదో యంత్రం పేరులా వినిపించేది. తర్వాత దాని అర్థం తెలిసింది. వంగేది ఎప్పుడూ ఇవతలివాళ్ళ నడుమే.

రేపటి లోడు చిన్నది, కానీ విదేశం వెళ్ళే సరుకు. ఆదివారమైనా ఆగదు. సగం మంది చాలన్నాడు అఖిల్. బాయిలరు చూసే డానీ కూడా అక్కర్లేదన్నాడు. ఉన్నది కాసిని కాయలే, వేడినీళ్ళ తొట్టి మనవాళ్ళే చూసుకుంటారన్నాడు. రిబ్కా వేలు డానీ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి, దాటిపోయింది.

పక్కింట్లో కోడి కూసింది.

"వచ్చింది, వచ్చింది!" అంటూ గోడ అవతల అంతోనమ్మ నవ్వింది. అది ఆమె ఫోను మోత. లారీ క్లీనరుగా వెళ్ళిపోతూ కొడుకు పెట్టి ఇచ్చిన కోడికూత. దాన్ని మార్చడం ఆమెకి రాదు. సందె వేళ ఆ కోడి కూసినప్పుడల్లా పేటంతా నవ్వుతుంది.

రింగులు అయిపోయాక రిబ్కా ఇంట్లోకి వెళ్ళి, ట్రంకుపెట్టెలోంచి ఒక గళ్ళ చొక్కా తీసుకొచ్చింది. షెడ్డులో ఆడవాళ్ళందరూ చీరమీద మగవాళ్ళ నిండుచేతుల చొక్కాలు తొడుక్కుంటారు. మామిడి తొడిమ తుంచగానే చిమ్మే సొన ఒంటిమీద పడితే బొబ్బలెక్కుతుంది. రిబ్కా చొక్కా ఆమె మొగుడు ఏసోబుది, హమాలీ చేసినప్పటిది. నడుం పడిపోయి ఏసోబు మంచానికి, చొక్కా రిబ్కాకి దక్కాయి. ఆమె అరుగుమీద కూర్చుని పళ్ళతో అంచు కొరికి, చొక్కాని పర్రున చింపింది.

"అదేంటి వదినా, బంగారంలాంటి చొక్కా చింపేస్తున్నావ్?" అంతోనమ్మ గోడమీద మోచేతులు ఆనించి చూస్తోంది.

"షెడ్డులో కాయలు తుడిచే గుడ్డలు చాలట్లా. ఇంక నాకెందుకిది? అఖిల్ బాబు స్టాఫ్ కార్డు ఇస్తానన్నాడుగా. సీజనైపోయినా ఉంటా, వాళ్ళ మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో కుర్చీ వేస్తారంట."

"అబ్బో! ఇంక మాతో మాట్లాడతావో లేదో."

"కలెక్టరు గారు రేపట్నుంచి అపాయింట్‌మెంటు ఉంటేనే మాట్లాడుద్దమ్మా," అన్నాడు లోపల్నుంచి ఏసోబు. "నేను మొన్నే పెట్టుకున్నా. ఇంకా పిలుపు రాలా."

ముగ్గురూ నవ్వారు. అంతోనమ్మ దండెం మీది తన చొక్కా తీసి దులిపింది. నీలిరంగుది, కాలరు దగ్గర పిగిలింది. "నాదైతే చింపను బాబూ. మీ అన్నయ్య పోయి ఇన్నేళ్ళయినా ఇంకా నన్ను కాస్తానే ఉన్నాడు," అంది.

చీకటి పడుతుండగా రిబ్కా ఇంట్లో చాపలు పరిచారు. ప్రతి శనివారం కూడిక అక్కడే. దానికి ఎవరినీ పిలవక్కర్లేదు, దీపాలు పెట్టే వేళకి ఎవరి బైబిలు వాళ్ళు పట్టుకుని వచ్చేస్తారు. అంతోనమ్మది ఆర్.సి.ఎం. చర్చి. అయినా ముందు వరసలో ఆమే కూర్చుంటుంది. ఆ రోజు ఆమె గట్టిగా ప్రార్థించింది. తన వదినకి కార్డు త్వరగా రావాలని కూడా అడిగింది.

*

ఆదివారం షెడ్డులో మనుషులు పలచగా ఉన్నారు. పని మాత్రం ఎప్పటిలాగే ఉంది. ట్రేల్లోంచి బంగినపల్లి కాయ తీసి, తొడిమ కత్తిరించి, సొన కారిపోయేలా జాలీమీద తలకిందులుగా నిలబెట్టడం ఒక వరస. సొన ఇంకిన కాయల్ని వేడినీళ్ళలో ముంచి తీయడం ఇంకొకటి. అక్కణ్ణించి తుడిచి, తెల్లటి నురగ వల తొడిగి, అట్టపెట్టెలో పడుకోబెట్టడం. మచ్చ ఉన్న కాయ పక్కకి పోతుంది. రిబ్కా చొక్కా లేకుండా, ఉతికిన చీరతో, వరసల మధ్య తిరుగుతోంది. ఆ తిరగడం ఆమెకి బాగుంది. బాగుందని ఒప్పుకోవడానికి కొంచెం మొహమాటపడింది కానీ బాగుంది.

బాయిలరు నుంచి తొట్టిలోకి వచ్చే రబ్బరు గొట్టం అతుకు దగ్గర సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఉంది. డానీ ఉంటే పొద్దున్నే దాన్ని విప్పి బిగించేవాడు. నీళ్ళు ఎంత కాగాలో, ఎప్పుడు ఆపాలో అతనికే తెలుసు. ఎండ ముదిరేసరికి తొట్టి మీద ఆవిరి దట్టమైంది. ముంచిన కాయల తోలు ముడతలు పడుతోంది.

అఖిల్ ఆఫీసు గదిలోంచి బయటికొచ్చాడు. "ఆంటీ, కాయ ఉడికిపోతోంది. ఎవరినో ఒకరిని ఆ వాల్వ్ కట్టేయమనండి. బండి వచ్చే టైమైంది."

రిబ్కా చుట్టూ చూసింది. తొట్టికి దగ్గరగా ఉన్నది అంతోనమ్మే.

"వదినా, కాస్త ఆ చక్రం తిప్పవా."

అంతోనమ్మ చేతిలో కాయ జాగ్రత్తగా పక్కన పెట్టి, కొంగు బిగించి, గొట్టం పక్కనుంచి చెయ్యి చాపింది. చక్రం బిగుసుకుపోయి ఉంది. రెండో చెయ్యి గొట్టం మీద ఆనించి బలంగా తిప్పింది. సైకిలు ట్యూబు ఊడిపోయింది.

కేక కూడా ఆలస్యంగా వచ్చింది. మరిగే నీళ్ళు భుజం నుంచి వేళ్ళదాకా కుమ్మరించినట్టు పడ్డాయి. సొన నుంచి కాపాడే ఆ నిండుచేతుల చొక్కాయే ఇప్పుడు వేడిని ఒంటికి అతికించి పట్టుకుంది. రిబ్కా పరుగెత్తి తాగే నీళ్ళ డ్రమ్ము ఆమె మీద వంచేసింది. ఎవరో బాయిలరు ఆపారు. అంతోనమ్మ నేలమీద కూర్చుని చెయ్యి గాల్లో పట్టుకుని, "వదినా, వదినా" అంటూనే ఉంది.

షెడ్డు బండి తీస్తాడేమోనని రిబ్కా అఖిల్ వైపు చూసింది. అతని మొహం పాలిపోయింది. భయపడ్డాడు, అది నటన కాదు. "ఆటో పిలవండి ఆంటీ. మన బండి వద్దు," అన్నాడు.

ప్రభుత్వాసుపత్రిలో నర్సు ఏమీ అడక్కుండానే కత్తెర తెచ్చి, చొక్కా కుడిచెయ్యి భుజం దగ్గర నుంచి కత్తిరించింది. గుడ్డతోపాటు తోలు కొంచెం వచ్చింది. రిబ్కా తల తిప్పుకుంది. అప్పుడే చీర మడతలో ఫోను మోగింది, ఆగకుండా మోగింది. అఖిల్ ఫోను ఒక్కటే ఆమె ఎత్తొచ్చు.

"లోడు ఆగిపోయింది ఆంటీ. మీరు వస్తే కానీ కదలరంట వీళ్ళు."

"వదినకి కట్టు కడుతున్నారు బాబూ..."

"డాక్టర్లు ఉన్నారుగా. మీరుండి చేసేదేముంది?"

అంతోనమ్మ కళ్ళు మూసుకుని ఉంది. రిబ్కా ఆమె కాళ్ళ దగ్గర చెప్పులు సరిగా పెట్టి, షేర్ ఆటో ఎక్కి షెడ్డుకి వెళ్ళిపోయింది. బండి అనుకున్న వేళకే బయల్దేరింది.

*

దేవానందం మాస్టారు రిటైరైనా పేటలో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా ఆయనే రాస్తారు. ఆయన ఆసుపత్రికి వెళ్ళి డాక్టరుతో మాట్లాడి, నేరుగా రిబ్కా ఇంటికి వచ్చారు. అరుగుమీద కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నారు.

"వేళ్ళు అతుక్కుపోయేలా ఉన్నాయమ్మా. విజయవాడలో ఆపరేషన్ చేయిస్తే చెయ్యి మళ్ళీ వంగుద్ది, లేకపోతే కర్రలాగే ఉండిపోద్ది అంటున్నారు. పనిలో ఉండగా జరిగిందని తేలితే ఖర్చంతా షెడ్డువాళ్ళే పెట్టుకోవాలి, చట్టం ఉంది. లేబర్ ఆఫీసుకి రాశాను. ఎల్లుండి మనిషొస్తాడు. నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు. రింగు ఇచ్చింది నువ్వేగా."

"చెప్తానండి," అంది రిబ్కా. ఆ క్షణాన నిజంగానే చెప్దామనుకుంది. ఆ మాట మీద నిలబడగలననే అనుకుంది.

మర్నాడు షెడ్డుకి వెళ్ళగానే అఖిల్ ఆమెని గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. ఆ గదిలో ఆమెని ఎవరైనా కూర్చోమనడం అదే మొదటిసారి. కూల్‌డ్రింకు తెప్పించాడు. సొరుగు లాగి, నీలం తాడు ఉన్న కార్డు ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. దానిమీద రిబ్కా ఫోటో ఉంది. కిందటి క్రిస్మస్‌కి కట్టుకున్న చీరలో, కొంచెం బిగుసుకుపోయి, ఎవరో తెలిసిన మనిషిలా ఉంది.

"ప్రింట్ అయి వచ్చేసింది ఆంటీ. ఈ గొడవ అయిపోగానే ఇచ్చేస్తా."

రిబ్కా కార్డు వైపు చూస్తూనే ఉంది. ముట్టుకోలేదు.

"రేపు ఆయన వస్తే మీరు గాభరా పడొద్దు. రింగు ఇచ్చారా అంటే ఇచ్చానని చెప్పండి, అబద్ధమెందుకు? శనివారం మీ ఇంట్లో ప్రేయరు ఉంటది కదా. దానికి పిలిచానని చెప్పండి. ఆమె ఆదివారం తనంతట తాను పనుందేమోనని వచ్చింది. ఎవరికి వాళ్ళే వస్తారు, ఇక్కడ ఎవరూ ఎవర్నీ పిలవరు. అంతే."

"ఆపరేషన్ చేయించాలంట బాబూ."

"చూద్దాం. మానవత్వంతో మనం ఎంతో కొంత చేద్దాం, నాన్నగారితో మాట్లాడతా. కేసు అయిందంటే మాత్రం షెడ్డు మూతపడుద్ది. మీ పేటలో ఎన్ని పొయ్యిలు ఆరిపోతాయో మీరే ఆలోచించండి."

ఆ ఆలోచన నిజమే. అందుకే అది అంత బాగా పనిచేసింది. రిబ్కా ఇంటికి నడుస్తూ పేటలో పొయ్యిలన్నీ ఒక్కొక్కటే తలుచుకుంది. వాటి వెనక నీలం తాడు కనిపిస్తూనే ఉంది. తను పొయ్యిల కోసం ఆలోచిస్తున్నానా తాడు కోసమా అన్న ప్రశ్న రాగానే అడుగు వేగం పెంచింది. ఏసోబుకి సంగతంతా చెప్పింది. అతను ఈసారి వేళాకోళం ఆడలేదు. "నన్నడక్కు రిబ్కా," అన్నాడు. "మంచం మీద పడున్నోడికి న్యాయం చెప్పడం తేలిక."

*

లేబర్ ఆఫీసు నుంచి వచ్చినాయన వయసులో చిన్నవాడు. చెమట తుడుచుకుంటూ షెడ్డంతా తిరిగి చూశాడు. అతుకు దగ్గర కొత్త గొట్టం, కొత్త క్లిప్పు మెరుస్తున్నాయి. డానీ బాయిలరు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ రోజు అతనికి రింగు వెళ్ళింది. ఆడవాళ్ళు వరసల్లో కూర్చుని కాయలు తుడుస్తున్నారు, వాళ్ళ చేతుల్లో ఏసోబు చొక్కా గళ్ళు గళ్ళుగా ఆడుతోంది.

దేవానందం మాస్టారు అంతోనమ్మ ఫోను తెచ్చారు. ఆయన దాన్ని బల్లమీద పెట్టి, "శనివారం సాయంత్రం ఇందులోకి షెడ్డు ఫోను నుంచి రింగు వచ్చిందండి. ఆ రింగే ఇక్కడ పిలుపు," అన్నారు.

ఆఫీసరు రిబ్కా వైపు తిరిగాడు. "ఏదమ్మా, మీ దగ్గరున్న ఫోను నుంచి ఆ నంబరుకి ఇప్పుడొకసారి చేయండి. అదే ఫోనో కాదో తెలిసిపోతుంది."

రిబ్కా నొక్కింది. బల్లమీద కోడి కూసింది. షెడ్డులో ఎవరూ నవ్వలేదు. రెండుసార్లు మోగాక ఆపేయాల్సిన వేలు కదల్లేదు. కోడి కూస్తూనే ఉంది. చివరికి ఆఫీసరే, "చాలమ్మా," అన్నాడు.

"శనివారం మీరు ఈ రింగు ఎందుకిచ్చారు?"

అఖిల్ ఆమె వైపు చూడటం లేదు, మర్యాదగా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ప్రార్థనకండి."

"ప్రార్థనకా?"

"శనివారం మా ఇంట్లో కూడిక పెడతామండి. దానికి రమ్మని ఇచ్చాను."

"ఇంకా చాలా నంబర్లున్నాయి ఆ సాయంత్రం. అందరినీ ప్రార్థనకేనా?"

"అందరం ఒక పేటవాళ్ళమేనండి."

తుడుస్తున్న చేతులు ఒక్కసారి ఆగి, మళ్ళీ కదిలాయి. ఒక్కరైనా తలెత్తి కాదంటారేమో అని రిబ్కా లోపల ఏ మూలనో ఆశపడింది. ఎవరైనా కాదంటే తను అవునని ఏడ్చేసేది. ఎవరూ అనలేదు. సాయంత్రం రింగులు ఇచ్చేది ఆమే కదా.

"మరి ఆదివారం ఆవిడ ఇక్కడికి ఎందుకొచ్చింది?"

"తనే వచ్చిందండి, పనుందేమోనని. మేమందరం అంతేనండి, ఎవరికి వాళ్ళం వస్తాం. ఇక్కడ ఎవరూ ఎవర్నీ పిలవరు."

"మీరు కూడానా? మీరు సూపర్‌వైజరు కాదా?"

"నేనూ అంతేనండి. పనుంటే వస్తా, లేకపోతే లేదు."

ఆఫీసరు రాయడం ఆపి ఆమె మొహంలోకి చూశాడు. "బాగా ఆలోచించుకుని చెప్పండమ్మా. నేను రాసుకున్నాక మార్చడం కష్టం." గొంతులో బెదిరింపు లేదు. దాదాపు బతిమాలుతున్నట్టే ఉంది.

"అంతేనండి," అంది రిబ్కా.

ఆయన రాసింది చదివి వినిపించి సంతకం పెట్టించుకున్నాడు. మాస్టారు అంతోనమ్మ ఫోను తీసి జేబులో వేసుకున్నారు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. కోప్పడతారనుకుంది రిబ్కా. కోప్పడితే బాగుండును.

"ఈ శనివారం ఉందామ్మా, కూడిక?" అన్నారాయన. జవాబు కోసం ఆగలేదు.

*

కార్డు గురించి ఆమె వెంటనే అడగలేదు. తనంతట తనే ఇస్తాడని చూసింది. మర్నాడు పని దిగేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి, "బాబూ, అది..." అంది.

అఖిల్ ఆమెని మళ్ళీ లోపలికి పిలిచాడు. ఈసారి కుర్చీలో అట్టపెట్టెలు ఉన్నాయి.

"నేనే చెబుదామనుకుంటున్నా ఆంటీ. ఇప్పుడు కార్డు ఇస్తే ఏమవుద్ది చెప్పండి. ఆయన మళ్ళీ వచ్చాడనుకోండి, మీ మెళ్ళో అది చూశాడనుకోండి. పనుంటే వస్తా లేకపోతే లేదని మీరే సంతకం పెట్టారు కదా. రేపు మీరు మా స్టాఫ్ అంటే ఆ రోజు చెప్పింది అబద్ధమని తేలుద్ది. అప్పుడు మీకే ప్రాబ్లం."

"మీరు చెప్పమంటేనే కదా బాబూ చెప్పింది."

"నేనేం చెప్పాను ఆంటీ?" అన్నాడు అఖిల్. నిజంగానే గుర్తు చేసుకుంటున్నట్టు నుదురు ముడిచాడు. "మన మంచికే అన్నాం. వచ్చే సీజన్‌కి చూద్దాం. ఇంకొకటి, ఆ ఫోను మీ దగ్గర ఉండటం కూడా ఇప్పుడు సేఫ్ కాదు. ఆయనకి మీ మొహం గుర్తుంది. షైనికి ఇద్దాం. ఎలా ఇవ్వాలో మీరే కాస్త చూపించండి, కొత్త పిల్ల."

రిబ్కాకి అరవాలనిపించింది. ఏమని అరవాలో తెలియలేదు. తను చెప్పిన అబద్ధంలో అంతోనమ్మ ఒక్కతే మాయమవుతుందనుకుంది. తనని కూడా తనే తుడిచేసుకుందని ఇప్పుడు అర్థమైంది. సంతకం కూడా చక్కగా, పూర్తి పేరుతో పెట్టింది.

షైని ఇంటర్ చదివి మానేసిన పిల్ల. ఫోను రెండు చేతులా పట్టుకుని శ్రద్ధగా నేర్చుకుంది. రెండు మోగాక ఆపేయాలి. ఎత్తితే మాట్లాడకుండా పెట్టేయాలి. పెట్టేసి ఆ పేరు పక్కన గుర్తు పెట్టుకోవాలి.

"అత్తా, మీ నంబరు లేదిందులో," అంది షైని.

"ఉండదు. నాకు నేనెప్పుడు ఇచ్చుకున్నా?"

"మరి ఏ పేరుతో వేసుకోను?"

"రిబ్కా అని వేసుకో. ఒక్క రిబ్కానే."

*

ఆ రోజు నుంచి ఆమెకి రింగు రాలేదు. శుక్రవారం రాలేదు. లోడు చిన్నదై ఉంటుందిలే అనుకుంది. శనివారం షెడ్డు బండి పేట ముందునుంచే పోతుంటే తలుపు చాటుకి తప్పుకుంది. అంతోనమ్మని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. విజయవాడ వెళ్ళమని చీటీ ఇచ్చారు. ఆ చీటీ మేకుకి వేలాడుతోందని, ఆమె వెళ్ళలేదని, గోడ అవతలి మాటలు విన్న ఏసోబు చెప్పాడు. రిబ్కా గోడవైపు వెళ్ళలేదు. నీళ్ళు పట్టుకోవడానికి కూడా అటువైపు తిరక్కుండా చుట్టూ తిరిగి వెళ్ళింది.

శనివారం పొద్దు వాలింది. రిబ్కా గుమ్మంలో చేట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. ఏరినవే మళ్ళీ ఏరుతోంది. వీధి చివర షైని వాళ్ళ అరుగు. అటు చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుంది.

మోతలు మొదలయ్యాయి. ఒక ఇంట్లో బూర, ఒక ఇంట్లో గంటలు, ఇంకో ఇంట్లో ఏదో భక్తి పాట మొదటి ముక్క. రెండేసి మోగి తెగిపోతున్నాయి. దగ్గరికి వస్తున్నాయి. వెనక వీధికి వెళ్ళాయి. పక్కింటి కోడి కూయలేదు. ఏ మోతా వినిపించని క్షణం ఒకటి వచ్చింది. రిబ్కా చేతిలో బియ్యపు గింజ ఒకటి అలాగే ఉండిపోయింది.

మంచం దగ్గర చార్జింగు పెట్టిన ఫోను మోగింది. ఒకటి. రెండు. ఆగింది.

"నీకే," అన్నాడు ఏసోబు.

రిబ్కా గుండె ఎగిరిపడింది. సంతోషంతోనే ఎగిరిపడింది. సిగ్గులేని సంతోషం. కార్డు లేదు, కుర్చీ లేదు, మాట లేదు. ఆదివారం ఆరాధనకి పోయే మనిషిని రెండు మోతలతో కాయల దగ్గరికి లాగుతున్నారు. అయినా ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగేంత సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని చూసి ఆమెకే భయమేసింది.

ఏసోబు ఎప్పటిలాగే చాపలు పరవమన్నాడు. ఆమె పరిచింది. దీపాలు పెట్టే వేళ దాటింది. గుమ్మం ముందు నుంచి ఇద్దరు ముగ్గురు బైబిళ్ళు పట్టుకుని మాస్టారి ఇంటివైపు వెళ్ళారు. ఎవరూ ఆగలేదు. రిబ్కా కాసేపు చూసి, చాపలు చుట్టి మూలకి నిలబెట్టింది.

రేపటి కోసం ట్రంకుపెట్టె తెరిచింది. అడుగుదాకా వెతికింది. పిల్లల పాత బట్టలు, దుప్పటి, పెళ్ళి చీర. వెతుకుతూ ఉండగానే గుర్తొచ్చింది, చొక్కా లేదని. అది రేపు షెడ్డులో ఎవరెవరి చేతుల్లోనో కాయలు తుడుస్తుంది. తొడిమ కోసే వరసలో కూర్చోబెడతారు తనని, కొత్తగా వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే వరస అదే.

"వదినా."

గోడమీద అంతోనమ్మ. కుడిచెయ్యి భుజం నుంచి వేళ్ళదాకా కట్టుతో, మెడకి కట్టిన చున్నీలో వేలాడుతోంది. మెళ్ళోనే ఇంకొక తాడుకి గుడ్డసంచి, అందులో ఆమె ఫోను. ఇంకా మెళ్ళోనే వేసుకుని తిరుగుతోంది. ఇన్ని రోజుల్లో పనికి పిలుస్తూ అది మళ్ళీ కూయలేదని తెలిసినా, చార్జింగు పెట్టుకుని తిరుగుతోంది.

రిబ్కా లేచి నిలబడింది. ఆమె కాళ్ళ మీద పడాలని, లోపలికి పారిపోవాలని, రెండూ ఒకేసారి అనిపించాయి. రెండూ చేయలేదు.

"నీకు రింగొచ్చింది. విన్నాలే," అంది అంతోనమ్మ.

"వదినా, నేను..."

"మాస్టారు అంతా చెప్పారు." ఆమె గొంతులో కోపం లేదు. ఓదార్పు కూడా లేదు. అలసిపోయిన మనిషి గొంతు. "నీకు చొక్కా లేదుగా. నువ్వు చింపిన రోజు నేను చూశానుగా."

ఎడమచేత్తో దండెం మీదనుంచి నీలం చొక్కా లాగింది. అలవాటు లేని చెయ్యి కావడంతో అది దండేనికి చిక్కుకుని, రెండుమూడు సార్లు లాగితే కానీ రాలేదు. ఉతికి ఉంది. ఒంటిచేత్తో ఎలా పిండిందో ఏమో. మడత పెట్టడం కుదరక ఉండలాగే గోడ మీదుగా చాచింది. రిబ్కా రెండు చేతులా అందుకుంది.

"నాకింక ఎందుకది," అంది అంతోనమ్మ. వెనక్కి తిరిగి రెండడుగులు వేసి ఆగింది. "కుడిచెయ్యి లేదు దానికి. ఆసుపత్రిలో కత్తిరించారు. ఆ పక్క సొన పడకుండా చూసుకో."